పది క్వింటాళ్లూ చాలవు!

చిలకలూరిపేటలో కుర్రకారుకు ఇప్పుడు పార్టీలు రెండే: ఐఫోన్, ఆండ్రాయిడ్. మేనిఫెస్టోలతో పనిలేదు. కోటప్పకొండ తిరునాళ్లకు ఎవరి ప్రభ ఎత్తు అని ఊళ్లు పోటీపడ్డట్టు, ఫోన్ వెనకవైపు బొమ్మ నలుగురికీ కనబడితే చాలు.

లెక్క మాత్రం పత్తి పండించే నాన్నది. 2025-26కి పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఐఫోన్ 17 మన దేశంలో విడుదలైనప్పుడు ధర 82,900. తేమ పేరుతో పైసా కోయకుండా పది క్వింటాళ్లు కొన్నా (కొంటారా?) ఇంకా 1,800 తక్కువ. పెట్టె విప్పితే ఛార్జరుండదు. 2020లోనే తీసేశారు, పర్యావరణం కోసమట! పదకొండో క్వింటాలో మిగిలింది దానికి. యూరప్ చట్టం పుణ్యమా అని 2023లో ఐఫోన్ 15 నుంచి టైప్-సి వచ్చింది కాబట్టి సరిపోయింది. నాన్న ఆండ్రాయిడ్ ఛార్జరు మీదే కొడుకు దర్జా బతుకుతోంది.

అసలు చిక్కు వేరే ఉంది. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలే రైతుకు వ్యాపారి ఫోన్లో చెప్పిన ధరే సాక్ష్యం. ఆ మాట దాచుకుందామంటే, ఐఫోన్‌కు కాల్ రికార్డింగ్ 2024లో వచ్చింది. నొక్కగానే రికార్డవుతోందని ఇద్దరికీ చాటింపు వేస్తుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ డయలరుదీ అదే నిజాయితీ. అంతే, ధర చెప్పబోయిన వ్యాపారికి ఉన్నట్టుండి సిగ్నల్ పోతుంది: “హలో... వినబడట్లా... యార్డుకొచ్చాక మాట్లాడదాంలే బాబాయ్!”