బాక్సు మార్చేముందు తీగ చూడరా అబ్బాయ్

మా రోజుల్లో హారన్ మోగలేదంటే చూడాల్సినవి నాలుగే. ఫ్యూజు, బటను, తీగ, హారను. అంబాసిడర్ బానెట్ ఎత్తితే చేతులు భుజాల దాకా పెట్టుకునేంత చోటుండేది. బండి మొరాయిస్తే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, నల్లబడ్డ పాయింట్లని ఎమెరీ కాగితంతో రుద్ది, 15 థౌ గ్యాపు పెట్టి మూతేస్తే కదిలేది. ఇండికేటర్ బల్బు పోయిందా? దిగి చూడనక్కర్లేదు, ఫ్లాషర్ టిక్కుటిక్కే మారిపోయేది. బెజవాడ ఆటోనగర్లో మా మేస్త్రి ముందు బ్యాటరీ, ఆ వెంటనే ఎర్త్ చూడమనేవాడు. ఎర్త్ చూడకుండా డైనమో మీద చెయ్యేస్తే స్పానరు లాక్కుని, పక్కన కూర్చోబెట్టేవాడు. అంతటి అంబాసిడర్ తయారీని కూడా 2014లో ఆపేశారు. సరే, ఆ ఏడుపు ఇప్పుడెందుకు.

ఇప్పుడేమో అద్దం దించాలన్నా బాక్సుకి చెప్పుకోవాలి. ఇంజిన్‌కో బాక్సు, బ్రేకుకో బాక్సు, స్టీరింగ్‌కో బాక్సు, డోర్లకో బాక్సు. ఇవన్నీ ఒకదానికొకటి మెలేసిన రెండు తీగల మీదే మాట్లాడుకుంటాయి. దాన్నే మీరు క్యాన్ అంటారు. జర్మనీలో బాష్ వాళ్లు 1983లో మొదలుపెట్టి, 1986లో డెట్రాయిట్‌లో లోకానికి చూపించారు. ఊరి రచ్చబండ లాంటిది, ఒకడు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ముఖ్యమైన మాట ముందు వెళ్తుంది, రెండోవాడు ఆగుతాడు. బ్రేకు బాక్సు, అదే ఏబీఎస్, చక్రం వేగం చెబితే ఇంజిన్ వింటుంది, స్టీరింగ్ వింటుంది, మీటరు ముల్లూ వింటుంది. బండిలో రాగి భారం తగ్గిందన్న మాట నిజమే, తడిరోడ్డు మీద చక్రం పట్టేయకుండా ఏబీఎస్ కాపాడుతున్న మాటా నిజమే. అయినా అంబాసిడర్‌లో హారన్ తీగ తెగితే హారనొక్కటే మూగబోయేది. ఇప్పుడు ఒక్క తీగ తెగితే మీటరు బోర్డంతా లైట్లు వెలిగి, స్టీరింగ్ బరువెక్కి, యజమాని మొహంలో నెత్తురు చుక్క ఉండదు.

ఇంతకీ నా బాధ బండి గురించి కాదు నాయనా, నీ గురించి. స్కానర్ గుచ్చుతావు. యూ0121 అని వస్తుంది. "ఏబీఎస్ బాక్సు పోయింది సార్, ఆర్డర్ పెట్టాలి" అంటావు. ఆ కోడ్ చెప్పింది అది కాదురా! ఏబీఎస్ మాట నాకు వినబడటం లేదని మరో బాక్సు చెప్పుకుంటోంది, అంతే. వాడు చచ్చాడో, వాడికి కరెంటే అందలేదో, దారిలో తీగ తెగిందో దానికేం తెలుసు? వీధి చివరింటివాడు పలకలేదని పాడె కట్టేస్తామా?

వానలు పడి వెలిసిన రోజుల్లో సరిగ్గా ఇలాంటి బండే మా షెడ్డుకొచ్చింది. వేరేచోట బాక్సు మార్చమని లెక్క కూడా రాసిచ్చారు. నేను బ్యాటరీ టెర్మినల్ తీసి, బాక్సులన్నీ సద్దుమణిగేదాకా టీ తాగొచ్చాను. ఈ కాలం పిల్లలకి ఆ ఓపిక కూడా లేదు. తర్వాత స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌లో 6కీ 14కీ మల్టీమీటర్ పెట్టాను. లైను రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్ ఒక్కోటి ఉంటుంది, రెండూ కలిసి 60 చూపాలి. 120 చూపింది. అంటే ఒక చివర తెగిపోయిందన్నమాట. సున్నాకి దగ్గరగా చూపితే రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నాయని. ఆ బండిలో ఒక చివర రెసిస్టర్ ఏబీఎస్ బాక్సు లోపలే ఉంది. బాక్సుకి కరెంటు లేకపోయినా రెసిస్టర్ ఎక్కడికీ పోదు, 60 రావాల్సిందే. కాబట్టి అనుమానం తీగ మీదికి వెళ్లాలి. కప్లర్ ఊడదీసి బాక్సు పిన్నుల మధ్య కొలిస్తే శుభ్రంగా 120 ఉంది. బాక్సు నిక్షేపంగా ఉంది! తీగ వెంబడే వెళ్తే ముందు చక్రం పైన ఇంకో కప్లర్. విప్పి చూద్దును కదా, నీళ్లు దిగి, ఒక పిన్ను పచ్చగా చిలుమెక్కి, ముట్టుకుంటే పొడై రాలింది. పిన్ను మార్చి, రబ్బరు సీలు సరిగా కూర్చోబెట్టి మళ్లీ కొలిస్తే 60. అయిన ఖర్చు పిన్ను, సీలు, మా కూలి.

ఇంకో మాట. ఈ తీగలకి మా కాలపు టెస్ట్ ల్యాంపు ఆనించొద్దు. మాటల్లేనప్పుడు రెండు తీగలూ 2.5 వోల్టుల దగ్గరుంటాయి, మాట నడిచేటప్పుడు ఒకటి 3.5కి ఎక్కి రెండోది 1.5కి దిగుతుంది. అంత సన్నని తేడా మీద బల్బు బరువు పెడితే ఉన్న మాటా పోతుంది. నా చేతిలో అరిగిన పనిముట్టుని పక్కన పెట్టించిన కాలం ఇది, దీన్ని మెచ్చుకోమంటే నా వల్ల కాదు.

కానీ చూసే పద్ధతి మాత్రం మా మేస్త్రి చెప్పిందే. ముందు బ్యాటరీ, తర్వాత ఎర్త్, తర్వాత తీగ, ఆఖరున బాక్సు. మీరు ఆఖరుదాంతో మొదలుపెడుతున్నారు. చదువుంది, స్కానరుంది, సెల్‌ఫోనులో సర్క్యూట్ బొమ్మ కూడా ఉంది, మాకు ఇవేవీ లేవు. మీకు లేనిదల్లా కార్పెట్ ఎత్తి చూసే ఓపిక. ఎలుక కొరికిన తీగని స్కానర్ చూపించదు, మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేస్తేనే కనబడుతుంది.

చాదస్తం అంటారు, అనండి. బాక్సు ఖరీదు మీ జేబులోంచి పోదు, బండి అప్పు ఇంకా కడుతున్నవాడి జేబులోంచి పోతుంది. ఆర్డర్ పెట్టేముందు బ్యాటరీ తీసి, 6కీ 14కీ మధ్య ఒక్కసారి కొలవండి.