జాకీ పర్వం

మోటార్‌హోంలో రాత్రి ఒకరు ఒత్తిగిలితే మిగతా అందరికీ తెలుస్తుంది. గతుకుల కోసం పెట్టిన స్ప్రింగులు బండి ఆగాక కూడా డ్యూటీ దిగవు. మా ఆవిడ మంచినీళ్లకి లేస్తే నా కలలో భూకంపం.

దీనికి మందు బండి కింద నాలుగు మూలలా ఉండే కత్తెర జాకీలు. అమెరికాలోని స్మోకీ పర్వతాల క్యాంపులో, తడి కంకర మీద మోకాళ్లూని, బారెడు హ్యాండిల్ తగిలించి తిప్పాలి. ఎంత తిప్పినా అది దిగుతున్నట్టే ఉండదు. వేలి కణుపులు మాత్రం బంపరుకి గీసుకుపోతాయి. పక్క బండాయన మీట నొక్కుతాడు, హైడ్రాలిక్ కాళ్లు వాటంతటవే దిగుతాయి. ఇక ఆయనకి కుర్చీ వేసుకుని నన్ను చూడటమే పని.

జాకీ ఊపు ఆపుతుందేగాని బండిని ఎత్తదు. బలవంతంగా ఎత్తబోతే చట్రమే వంగొచ్చు. కాబట్టి ముందు రసమట్టం పెట్టి చూసి, పల్లపు వైపు చక్రాలను ప్లాస్టిక్ దిమ్మల మీదికి ఎక్కించి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ఇంత మట్టం మనకెందుకూ అంటే, మనకి కాదు, ఫ్రిజ్‌కి!

మా బండిలోని ఫ్రిజ్‌కి మోటారు లేదు. గ్యాసు మంట పెడితే చల్లబడుతుంది. 1922లో స్టాక్‌హోంలో చదువుకుంటున్న ప్లాటెన్, మంటర్స్ అనే కుర్రాళ్లు కనిపెట్టిన పద్ధతి ఇది. మంట వేడికి అమ్మోనియా నీళ్లలోంచి విడిపోయి, ఆవిరై, పైన చల్లబడి ద్రవమై, తన బరువుతో తనే కిందికి పారుతుంది. బండి ఒరిగిందా, ఆ పారకం ఆగి గొట్టాలు మాడతాయి. కదిలే భాగాల్లేని ఫ్రిజ్ మీద ఐన్‌స్టీన్ కూడా కుస్తీపట్టి, జిలార్డ్ అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి 1930లో అమెరికా పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఫ్రిజ్ బజారు మొహం చూడలేదు. మాది చూసింది. ఇంతమంది మేధావులు బుర్రలు బద్దలుకొట్టుకున్న విద్య ప్రస్తుతం మా దోసెల పిండి పులవకుండా కాపలా కాస్తోంది. ఆ పిండి కోసం నేను కంకర మీద సాష్టాంగపడి మట్టం చూస్తున్నాను.

సరే, జాకీల సంగతి. బ్యాటరీ డ్రిల్లుకి ముప్పావు అంగుళం సాకెట్టు బిగిస్తే చాలు, మా జాకీ బోల్టుకి అతికినట్టు సరిపోతుంది. కింద చెక్కముక్క వేసి, డ్రిల్లు నెమ్మది వేగంలో పెట్టి, కాలు ఆనగానే ఆపి, చివరి అరచుట్టు చేత్తో తిప్పాలి. ఆనాక కూడా మీట వదలకపోతే డ్రిల్లు మణికట్టుని మెలిపెడుతుంది. ఇల్లు కొన్నంత పోసి కొన్న బండికి ఆ బుల్లి మోటారేదో కంపెనీవాడే పెట్టి ఏడవొచ్చుగా? అడిగితే, అది ఎక్స్‌ట్రాట!

క్యాంపుల్లో చాలాచోట్ల రాత్రి 10 దాటితే చప్పుడు చేయకూడదు. రాహుకాలం వెళ్లాక బయల్దేరే మేము చేరేది 10 దాటాకే. డ్రిల్లు పెట్టెలో, హ్యాండిల్ చేతిలో.

నిరుడు అబ్బాయి, ఈ ఏడు అమ్మాయి, "మీరు వెళ్లిరండి నాన్నా" అనేశారు. ఇప్పుడు బండిలో మేమిద్దరమే. ఇద్దరి నడకా నెమ్మదించింది. జాకీలు దించకపోయినా పెద్దగా ఊగట్లేదు.

అయినా దించుతున్నాను. డ్రిల్లు డబ్బులు గిట్టుబాటు కావాలిగా!