తాతలు తాగిన నేయి

ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య నేర్చుకుందామని బయల్దేరిన కొత్తవాడికి బడి గుమ్మం దాటగానే ఎదురయ్యేది తెల్లగడ్డం పెద్దాయన ఫొటో. మొరిహేయి ఉయెషిబా, ఈ విద్యకు మూలపురుషుడు. ఫొటో పక్కన నిలబడి గురువుగారు, "మాది నేరుగా ఆయన పరంపరే" అంటారు. అంతే, కొత్తవాడు పడిపోతాడు. ఎవరూ విసరకముందే.

కాస్త లెక్కేద్దాం. ఉయెషిబా పోయింది 1969లో. అప్పటికి ఇరవయ్యేళ్ల కుర్రాడిగా ఆయన దగ్గర నేర్చుకున్నవాడికైనా ఇప్పుడు డెబ్బై అయిదు దాటాలి. మన గురువుగారికేమో నలభై. ఆయన గురువుగారి గురువుగారు ఎప్పుడో ఒక గ్రూపు ఫొటోలో వెనకవరసలో నిలబడ్డారట. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి!

పోనీ, నేయి నిజంగానే తాగారనుకుందాం. ఉయెషిబా సొంత శిష్యులనే చూడండి. గోజో షియోదా 1955లో యోషిన్‌కాన్ అనే బడి పెట్టి, ఊరికే నిలబడటంలోనే చెమటలు కక్కించాడు. కెంజి తోమికి ఏకంగా పోటీలు పెట్టాడు. ఆ మాట వింటే మిగతా బడులవాళ్లు ఇప్పటికీ చెవులు మూసుకుంటారు. టోక్యో ప్రధాన బడిలో శిక్షకులందరికీ పెద్దగా ఉన్న కోయిచి తోహెయి, అంతా 'కి'లోనే, అంటే ప్రాణశక్తిలోనే ఉందంటూ 1974లో వేరుపడ్డాడు. మొరిహిరో సైతో ఇవామా పల్లెలో కత్తీ కర్రా వదల్లేదు. అందరిదీ అసలు పరంపరే, ఏ ఇద్దరి పాఠమూ ఒకటి కాదు. ఆమాటకొస్తే ఉయెషిబా కూడా తకేదా సోకాకు దగ్గర దైతో-ర్యూ అనే విద్య నేర్చుకుని దాన్ని తనకు తోచినట్టు మార్చినవాడే. పరంపర చెక్కుచెదరకూడదని ఆయనా పట్టుపడితే ఐకిడో అనేదే ఉండేది కాదు.

ఇక ప్రదర్శన. గురువుగారు చెయ్యి ఊపుతారు, శిష్యుడు రెండు గజాల అవతల పడతాడు. అబ్బో! శిష్యుణ్ణి కాస్త దగ్గర్నుంచి గమనించండి. చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే అతని మోకాలు వంగింది. ఏళ్ల తరబడి ఆ చేతికింద పడుతున్నవాడు, ఎప్పుడు పడాలో అతనికి తెలుసు. కొత్తవాడు వెళ్లి అదే మణికట్టు గట్టిగా పట్టుకుంటే, "అలా పట్టుకోకూడదు బాబూ, అది తప్పు పట్టు" అంటారు. రేపు వీధిలో మీద పడేవాడికి కూడా ఎవరో ఒకరు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

నన్నడిగితే గోడ మీది ఫొటో వదిలేసి మూలకి చూడాలి, కొత్తవాళ్లు సాధన చేసే మూలకి. షిహోనాగే అని ఒక విసురుంది: చేతిని భుజం మీదుగా వెనక్కి మడిచి కిందికి లాగుతారు. పడటం రానివాడికి ముందు నేలకు తగిలేది తల వెనకభాగమే. అక్కడ సీనియర్ వేగం తగ్గించి, ఎదుటివాడి గడ్డం ఛాతీకి ఆనిందో లేదో చూసుకుని, తనూ వంగి మెల్లగా దించుతున్నాడా? లేక తన నల్ల హకామా (వదులు పైజామా) కుచ్చిళ్లు ఎంత అందంగా తిరిగాయో చూసుకుంటున్నాడా? బడి ఎలాంటిదో అక్కడే తేలిపోతుంది.

అందుకు ఒక్క తరగతి పక్కన కూర్చుని చూస్తానని అడగాలి. చాలామంది రమ్మంటారు. కొందరు మాత్రం నొచ్చుకుని, "ఇది చూస్తే అర్థమయ్యే విద్య కాదు, అనుభవించాలి" అంటారు. ఆ అనుభవానికి ఏడాది ఫీజు ముందే కట్టాలి. యూనిఫాం డబ్బులు వేరే.