చోటు సిద్ధాంతి

అమెరికాలోని విస్కాన్సిన్ వేటగాళ్లలో చోటు సిద్ధాంతి ఒక ప్రత్యేక జాతి. ఆ రాష్ట్రంలో తుపాకీతో జింకను వేటాడే ప్రధాన సీజన్ తొమ్మిది రోజులే. థాంక్స్‌గివింగ్‌కు ముందొచ్చే శనివారం మొదలవుతుంది. మిగతా ఏడాదంతా ఇతడు చోటు వెతుకుతాడు, వాస్తు పండితుడు స్థలం చూసినట్టు.

శాస్త్రం తెలియక కాదు. తెల్లతోక జింక పగలు పడుకునే పొదలకూ, పొద్దువాలాక మేసే మొక్కజొన్న చేనుకూ మధ్య దారి పట్టుకోవాలి. ఆ దారి రెండు చిత్తడి నేలల నడుమ ఇరుకైతే మరీ మంచిది. తెల్ల ఓక్ కాయలు రాలేచోటు ఇంకా మేలు; ఎర్ర ఓక్ కాయకు చేదెక్కువ. మగజింక కొమ్ములతో రాపాడి బెరడు లేపిన చెట్టో, వంగిన కొమ్మ కింద గిట్టలతో గీరిన నేలో కంటపడితే ఆ రాత్రి సిద్ధాంతికి నిద్ర ఉండదు. అన్నిటికీ మించింది గాలి. జింక వచ్చే వైపు నుంచి మంచె మీదికి వీచాలి తప్ప, మనిషి వాసనను దాని ముక్కుకు మోసుకుపోకూడదు. కొండవాలైతే లెక్క మరీ తిరకాసు: పొద్దున ఎండ తగిలి గాలి పైకెక్కుతుంది, సాయంత్రం చల్లబడి కిందికి జారుతుంది. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. జేబులోని పొడి సీసా నొక్కి, ఆ పొడి ఎటు తేలిపోతుందో కళ్లార్పకుండా చూస్తాడు. వాసన లేని సబ్బుతో ఉతికిన బట్టలు తొడుక్కుంటాడు. ఆ బట్టలతోనే పెట్రోల్ బంకు దగ్గర ఆగి, వేయించిన బేకన్ తింటాడు.

చోటు పరమ రహస్యం. ఎక్కడ కూర్చుంటున్నావని బావమరిది అడిగితే, "అదే, అటుపక్క" అని చేత్తో సగం జిల్లా చూపిస్తాడు. ట్రక్కును కావాలనే మైలు దూరాన ఆపుతాడు. తీరా చట్టం ప్రకారం నడుము పైన తొడిగేదాంట్లో సగమైనా మెరిసే నారింజ రంగో గులాబీ రంగో ఉండాలి. నారింజ రంగు జింక కంటికి అంతగా ఆనదు గానీ, బావమరిదికి అర మైలు నుంచే కనిపిస్తుంది.

చిక్కంతా శ్రద్ధ ఎక్కువైనందువల్లే. మంచె కదులుతోందా, కొమ్మ అడ్డొస్తోందా అని వారం వారం వెళ్తాడు. మనిషి అలికిడి పెరిగిన చోట పెద్ద మగజింక పగటి తిరుగుడు తగ్గించి రాత్రికి మారుతుంది. చెట్టుకు కట్టిన ట్రెయిల్ కెమెరా విప్పి చూస్తే, రాత్రి రెండింటికి కొమ్ముల జింక ఒకటి. పట్టపగలు మంచె ఎక్కుతూ, దిగుతూ సిద్ధాంతిగారి వీపు.

సీజన్ మొదటిరోజు సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చవచ్చు. అప్పటికే మంచె మీద ఒంటికి బెల్టు బిగించుకుని ఉంటాడు. తొమ్మిదింటికి గాలి మళ్లుతుంది. పదింటికి, పోయినేడాది చోటే నయమనిపించి దిగి నడుస్తాడు. ఆ చప్పుడుకు పొదలోంచి లేచిన జింక, దొరికిన మొద్దు మీద కూలబడి కాఫీ తాగుతున్న బావమరిది ముందుకే పోతుంది.

మాంసంలో వాటా అందుకుంటూనే, ఆ మొద్దు దగ్గర గాలి ఎటు వీచిందో అడిగి రాసుకుంటాడు. మంచులో అడుగుజాడలు బాగా తెలుస్తాయి కనుక, వచ్చే ఏటి చోటు కోసం ఆ చలికాలంలోనే బయలుదేరుతాడు.