తాటిచెట్టు, దూడగడ్డి, గ్రేట్ నికోబార్

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడకు గడ్డి కోయడానికి అన్నాడట వెనకటికొకడు. పాపం, వాడి దగ్గర కన్సల్టెంటు లేడు. ఉంటే అదే జవాబు 'సమగ్ర పశుగ్రాస అభివృద్ధి పథకం' అని రంగురంగుల అట్టతో అచ్చయి వచ్చేది. అడిగినవాడు దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాడు.

కారణం లేని పనిని ఎత్తిచూపడానికి తెలుగులో మాటలకు కరువు లేదు. అర్థం పర్థం లేనిది, తలా తోకా లేనిది, పొంతన లేనిది, కుంటిసాకు. ఇవన్నీ రచ్చబండ మాటలు. సర్కారు ఫైళ్లలో ఒక్కటీ కనపడదు. అక్కడ కారణం ఖాళీ అయిన చోటల్లా ఓ విశేషణం వచ్చి కూర్చుంటుంది. ఆ విద్య ఎంత ముదిరిందో చూడాలంటే దేశానికి దక్షిణపు కొస, గ్రేట్ నికోబార్ దీవి దాకా పోవాలి.

అక్కడ నీతి ఆయోగ్ తలపెట్టిన పథకం పేరులోనే 'సమగ్రాభివృద్ధి' ఉంది. గలాతియా బేలో పెద్ద ఓడల సరుకు మార్చే రేవు, ఒక విమానాశ్రయం, ఒక విద్యుత్ కేంద్రం, ఒక టౌన్‌షిప్పు. ఒకప్పటి అంచనా 72 వేల కోట్ల రూపాయలు. ఇందుకు ధారపోసే అడవి 130 చదరపు కిలోమీటర్ల పైమాటే. తొమ్మిదిన్నర లక్షలకు పైగా చెట్లు పోవచ్చని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది.

అడవి కొట్టేస్తే బదులు అడవి పెంచాలన్నది నియమం. పెంచుతారట, హర్యానాలో! సుమారు 2,400 కిలోమీటర్ల దూరంలో. నాలుగింట మూడు వంతులకు మించి అడవి ఉన్న ప్రాంతాలు బదులు మొక్కలు వేరే రాష్ట్రంలో నాటుకోవచ్చన్న వెసులుబాటు ఉంది. అంటే అడవిని బాగా కాపాడుకున్నందుకు దీవికి దక్కిన బహుమతి, మళ్లీ ఓ మొక్క నాటడానికి చోటు లేదన్న సర్టిఫికెట్టు! నికోబార్‌లో ఏటా మూడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. దక్షిణ హర్యానా ఆరావళి గుట్టల్లో అయిదారు వందలు పడితే ఆ ఏడు పండగ. తేమలో పెరిగిన సతతహరితారణ్యానికి ముళ్లకంపల నేల బదులట. బోడిగుండుకూ మోకాలికీ ముడి అంటే మన పెద్దలు సరదాకి అన్నారనుకున్నాం. ఇప్పుడది అటవీ అనుమతిలో ఒక షరతు.

తాబేళ్ల కథ ఇంకా రసవత్తరం. గలాతియా బే ఇసుక మీద గుడ్లు పెట్టేది లెదర్‌బ్యాక్, ప్రపంచంలోని తాబేళ్లన్నిటిలోకీ పెద్దది. 2021 జనవరిలో అక్కడి అభయారణ్యం హోదా ఎత్తేయడానికి జాతీయ వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం పచ్చజెండా ఊపింది. కొద్ది వారాలకే కేంద్ర పర్యావరణ శాఖ విడుదల చేసిన సముద్ర తాబేళ్ల కార్యాచరణ ప్రణాళికలో అదే గలాతియా బే ముఖ్యమైన ఆవాసంగా నమోదైంది. ఎడమ చెయ్యి చేసింది కుడి చేతికి తెలియకపోవడం దానధర్మాల్లో గొప్ప గుణమే, పరిపాలనలో కాదు.

తర్వాత 2022లో దిద్దుబాటు జరిగింది. పక్కనున్న లిటిల్ నికోబార్‌లో లెదర్‌బ్యాక్‌లకు, మెంచల్ దీవిలో మెగాపోడ్ పక్షులకు, మెరో దీవిలో పగడాలకు కొత్త అభయారణ్యాలు ప్రకటించారు. మెంచల్ విస్తీర్ణం 1.29 చదరపు కిలోమీటర్లు. ఇక తాబేలు సముద్రాలు దాటి వచ్చి, తీరం చేరే ముందు గెజిట్ తిరగేసి, చిరునామా మారిందని పక్క దీవికి మళ్లడమే తరువాయి.

2023 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని రద్దు చేయలేదు గానీ, కొన్ని చిక్కుముడులు ఎత్తిచూపింది. 20,668 పగడాల కాలనీల్లో 16,150 తరలిస్తామన్నారు, మిగతా 4,518 సంగతేమిటి? మూడు రుతువుల సమాచారం ఉండాల్సిన చోట ఒక్క రుతువుదే ఎందుకుంది? తీర నియంత్రణ నిబంధనల ప్రకారం రేవులకు చోటులేని సీఆర్‌జెడ్-1ఏ తీరంలోకి పథకం ఎలా వచ్చింది? ఇవి తేల్చమని ఉన్నతస్థాయి కమిటీ వేసింది. అంతకుముందు పథకం నేలలో ఏడు చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఆ నిషిద్ధ తీరంలోనే ఉందన్న లెక్క కాస్తా, క్షేత్ర పరిశీలన ముగిసేసరికి సున్నా అయింది. తీరం అక్కడే ఉంది, పగడాలూ అక్కడే ఉన్నాయి. మారింది గళ్లలో రాసిన అక్షరమే. కమిటీ ఏం తేల్చిందో చూపించమంటే గోప్యమన్నారు.

గోప్యం ఎందుకయ్యా అంటే అసలు బ్రహ్మాస్త్రం బయటికొస్తుంది: 'వ్యూహాత్మకం'. మలక్కా జలసంధి దగ్గర్లో దేశానికి కాపలా ఉండాలన్నది ఎవరూ కాదనరు. అందుకే ఆ దీవిలోని క్యాంప్‌బెల్ బేలో నౌకాదళపు ఐఎన్ఎస్ బాజ్ 2012 నుంచే పనిచేస్తోంది. ఎనిమిది వేల జనాభా ఉన్న దీవి మీదికి మూడున్నర లక్షల మందిని తెచ్చే టౌన్‌షిప్పుకూ ఆ కాపలాకూ ఏమిటి సంబంధం? పర్యాటకుడు బీచి కుర్చీలో పడుకుని జలసంధిని కనిపెట్టుకుని ఉంటాడా? పైగా 2004 సునామీ నాటి భూకంపానికి ఆ దీవి కొసన ఇందిరా పాయింట్ సుమారు నాలుగు మీటర్లు కుంగింది. ఆ వ్యూహం సంగతి భూమికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఇదేదో దూరపు ముచ్చట అనుకునే తెలుగువారికి ఒక్క మాట. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. 1969 నుంచి గ్రేట్ నికోబార్‌లో స్థిరపరచిన మాజీ సైనిక కుటుంబాల్లో ఆంధ్రవాళ్లూ ఉన్నారు.

వీళ్లందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్లు షోంపెన్‌లు, 2011 లెక్కల్లో 229 మంది. వాళ్లనైతే ఎవరూ ఏమీ అడగలేదు. నికోబారీలను అడిగారు. వాళ్ల గిరిజన మండలి 2022 ఆగస్టులో నిరభ్యంతర పత్రం ఇచ్చి, నవంబరులో ఉత్తరం రాసి వెనక్కి తీసుకుంది. అప్పటికే పర్యావరణ అనుమతి వచ్చేసింది. ఆ ఉత్తరంలో విశేషణాలు లేవు, కారణాలున్నాయి: పథకం గురించి తమకు పూర్తిగా చెప్పలేదు, సునామీకి ముందు తాము బతికిన ఊళ్ల నేల కూడా అందులో పోతుందని సంతకం చేసేటప్పుడు తెలియదు.