మా రోజుల్లో ‘వ’ ఒక్కటే

ఏరా అబ్బాయ్, ఇంగ్లీషులో పడమరని ‘వెస్ట్’ అనాలంటే పెదాలు సున్నాలా చుట్టాలిట. లోపలేసుకునే బనియన్‌ని ‘వెస్ట్’ అనాలంటే మాత్రం పైపళ్లు కింది పెదవి మీద ఆనించాలిట. రెండూ తెలుగులో రాసి తేడా చూపించు, నీకు ఆత్రేయపురం పూతరేకులు కొనిపెడతాను. మా రోజుల్లో అన్నిటికీ ఒకటే ‘వ’. దాంతోనే అమలాపురంలో ప్లీడర్లయ్యారు, మునసబులయ్యారు.

తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు పొద్దున్నే అద్దం ముందు నిలబడి ‘వైన్, వైన్’ అని ఒకటే జపం. ఒకటి తీగట, ఇంకోటి ద్రాక్షసారాట. ఇదేం పారాయణమే అంటే, “తాతయ్యా, నీకు పళ్లు ఆనట్లేదు, అందుకే రెండూ ఒకలాగే వస్తున్నాయి” అంది. ఆనడానికి నోట్లో ఉంటేగా? కట్టుడు పళ్లు గ్లాసులో ఉన్నాయి.

మొన్న నోటి ముందు కాగితం ముక్క పట్టుకుని ‘పిన్’ అంటోంది. కాగితం ఎగరాలిట. మన ‘ప’లో గాలి చాలక దొరలకది ‘బిన్’ అని వినపడుతుందిట. వినపడనీ! రాజోలు నుంచి కువైట్ వెళ్లొచ్చినవాళ్లని అడుగు, అరబ్బీలో అసలు ‘ప’ అనేదే లేదు. పార్కింగుని ‘బార్కింగ్’ అంటారు వాళ్లు. దానివల్ల వాళ్ల నూనె బావులేమైనా ఎండిపోయాయా?

ఈ రోగం మా కాలంలోనే మొదలైందనుకో. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారే, అదే. అక్కడ శిక్షణకి వెళ్లకముందు మా ఇంగ్లీషు మాస్టారు చాలా నెమ్మదస్తుడు. తిరిగొచ్చాక పట్టుకున్నారు: “ఒరేయ్, ‘జూ’ అంటే మన జకారం కాదు. ‘స్స్’ అని బుసకొడుతూనే గొంతు అదిరించండి, అదీ అసలు శబ్దం. గొంతు మీద చెయ్యేసి చూసుకోండి” అని. క్లాసు క్లాసంతా గొంతులు పట్టుకుని కూర్చుంటే, కిటికీలోంచి చూసిన హెడ్మాస్టరుగారు ఏదో అంటురోగం అనుకున్నారు.

ఆ మాటకొస్తే మనకేం తక్కువ? జున్నులో ‘జ’ వేరు, జీడిపప్పులో ‘జ’ వేరు. పలికి చూడు. జున్నుకి నాలుక పళ్ల వెనక్కి పోతుంది, జీడిపప్పుకి అంగిట్లోకి లేస్తుంది. పాత నిఘంటువుల్లో ఆ జున్ను ‘జ’కి నెత్తిన గుర్తు కూడా వేసేవారు. ఎవరూ అద్దం ఇచ్చి నేర్పలేదు. మా అమ్మ జున్ను పెట్టింది, వచ్చేసింది.

శ, ష, స వేరువేరుగా పలక్కపోతే మా తెలుగు మాస్టారు తొడపాశం పెట్టేవారు. ఇప్పుడో? టీవీలో అమ్మాయి ‘బాధ’ని ‘బాద’ చేస్తుంది, శంకరాన్ని సంకరం చేస్తుంది. ‘జీరో’ దగ్గరికొచ్చేసరికి మాత్రం బుసకొట్టి మరీ పలుకుతుంది! 2023లో సర్కారు బళ్లలో మూడో తరగతి నుంచే టోఫెల్ శిక్షణన్నారు. ఒత్తులు పలికించే పరీక్ష మాత్రం ఎవరూ పెట్టరు.

ఇక ‘థాంక్యూ’ ఉంది. దానికి నాలుక కొస పళ్ల మధ్యలోంచి బయటికి రావాలిట. మా రోజుల్లో పెద్దవాళ్ల ముందు నాలుక బయటపెడితే వీపు విమానం మోత మోగేది. నిన్న కొత్తపేట బస్సులో ఓ కుర్రాడు లేచి సీటిచ్చాడు. సరే, పద్ధతిగా చెబుదామని నాలుక బయటపెట్టాను. వాడు హడలిపోయి, “తాతగారూ, మంచినీళ్లు కావాలాండీ?” అన్నాడు.

ఆయ్, ఇమ్మన్నాను.