ఇసుక ఉంది, సిమెంటులో

నెల్లిమర్లలో రేపెప్పుడో పిల్లల పార్కు ఒకటి కడతారనుకుందాం. అనుకోవడానికి టెండరు అక్కర్లేదు కదా. చంపావతి ఒడ్డున పది సెంట్ల జాగా దొరికింది. ఏనుగు బొమ్మ తొండం మీంచి జారుడుబల్ల దింపారు. ఉయ్యాలలకు పచ్చరంగు వేశారు. అన్నిటికంటే ముందు పూర్తయింది మాత్రం శిలాఫలకం. దాని చుట్టూ గొలుసు, గొలుసు చుట్టూ పూలకుండీలు. బంతి తగిలి పేర్లు చెదరకుండా సకల జాగ్రత్తలూ తీసుకున్నారు.

పిల్లల జాగ్రత్త కోసం బోర్డు రాయించారు. పరుగెత్తరాదు, అరవరాదు, బంతి ఆడరాదు, మీ పిల్లలకు మీరే బాధ్యులు. ఇన్ని రాదులు దాటి లోపలికొచ్చిన పిల్లాడు బాల్యానికి రాజీనామా ఇచ్చి తాతల బెంచీ మీద కూర్చోవాల్సిందే.

జారుడుబల్ల కింద గచ్చు చేశారు. ప్రారంభోత్సవానికి కుర్చీలు వేస్తే ఊగకూడదు మరి. మనవణ్ణి తీసుకొచ్చిన మామ్మ ఒకావిడ అది చూసి ఊరుకోలేకపోయింది.

"ఏటి బావూ, గుంటలు జారిపడితే బుర్రలు బద్దలవ్వవా? కింద నాలుగు గంపల ఇసకెయ్యలేకపోనారా?"

"ఇసకెయ్యలేదని ఎవులన్నారు మామ్మా? సిమెంట్లో కలిపీసినాం గదా!"

కాంట్రాక్టరు చెప్పింది అబద్ధం కాదు. అదే చిక్కు.

లెక్క చూడండి. ఆరడుగుల ఎత్తు నుంచి జారిపడ్డ పిల్లాడు నేలకు తగిలేసరికి గంటకు 20 కిలోమీటర్లు దాటిన వేగంలో ఉంటాడు. ఆ వేగం ఎక్కడో ఒకచోట ఆగాలి. ఇసుకలో అయితే కొన్ని అంగుళాలు దిగి ఆగుతుంది. గచ్చు మీద దిగడానికి చోటు లేదు గనక, ఆగడమంతా పుర్రెలోనే జరుగుతుంది. అమెరికా ప్రభుత్వం 1981 నుంచి ఆటస్థలాల భద్రతకు ఒక కరదీపిక వేస్తోంది. ఆట పరికరాల కింద సిమెంటు, తారు పనికిరావని అందులో ఉంది. 9 అంగుళాల ఇసుక పరిచినా అది 4 అడుగుల ఎత్తు వరకే కాపు. అంతకంటే ఎత్తు పెంచితే చెక్కపేళ్లో, రబ్బరో వేసుకోవాలి. ఇది చదివితే మన ఏనుగు పొట్టిదైపోతుంది. అందుకే చదవరు.

ఇసుక కరువున్న ఊరైతే సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ ఏరు పక్కనే ఉంది. రాష్ట్రంలో 2024 జూలై 8 నుంచి ఇసుక ఉచితం. లోడింగు, రవాణా ఖర్చు పెట్టుకుంటే చాలు. మేడకి, మిద్దెకి, ప్రహరీకి, చివరికి శిలాఫలకం దిమ్మెకి కూడా ఉచితమే. జారుడుబల్ల కింద వేయడానికి మాత్రం ఎస్టిమేటులో కాలమ్ లేదు.

ఈ మండలంలోనే కొండవెలగాడ ఉంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. ఆ ఊరమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం తెచ్చింది. బరువులెత్తే వేదికల మీద చెక్క, రబ్బరు పరుస్తారు. పైనుంచి ఇనుము వదిలేస్తే నేల పగులుతుంది, ఇనుమూ పాడవుతుంది. పిల్లాడు పడితే నేలకేమీ కాదు కాబట్టి అక్కడ రబ్బరు దండగ అని మన ఇంజనీరింగు తేల్చినట్టుంది.

ఇంత ఆలోచించాక మిగిలే ఉపాయం తాళం. గేటు వేసేస్తే ఎవరూ పడరు. అయితే గేటునైనా గట్టిగా బిగించారా అన్నది అడగాలి. 2024 నవంబరులో హైదరాబాద్ హయత్‌నగర్‌లో ప్రభుత్వ బడి గేటు మీద పడి ఒకటో తరగతి పిల్లవాడు చనిపోయాడు. దీని మీద వేళాకోళం చేయడానికి నాకు మాట రాదు. ఆ గేటు బందులు అంతకు ముందు ఎవరైనా ఊపి చూసి ఉంటే చాలేది.

నిజానికి ఇక్కడ పెద్ద విద్యలేమీ అక్కర్లేదు. రేకు జారుడుబల్లని మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంచితే తొడలు కాలతాయి. చెట్టు కిందకి జరపాలి. కమ్మీల మధ్య సందు మూడున్నర అంగుళాలకు మించి తొమ్మిది అంగుళాల లోపు ఉంటే ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. టేపు పెట్టి కొలవాలి. మెడలో బడి ఐడీ కార్డు తాడు, చున్నీ ఎక్కే ముందు తీయించాలి. పిల్లలు దూకేకొద్దీ ఇసుక పక్కలకు పోతుంది, కుక్కలు పాడుచేస్తాయి. రోజూ ఒక మనిషి పార పట్టుకుని శుభ్రం చేసి, ఎగదోయాలి.

ఫైలు ఆగింది ఆ మనిషి దగ్గరే. పార్కుకి రిబ్బను కట్టొచ్చు, కత్తిరించొచ్చు, ఫొటో దిగొచ్చు. పారకి రిబ్బను కడితే బాగుండదు. ఆ పైన జీతం పారిశుధ్యం పద్దులో రాయాలా, మట్టిపని పద్దులో రాయాలా అని పైకి రాశారు. పైవాళ్లు ఇసుక మట్టి కిందకి వస్తుందో రాదో స్పష్టం చేయమని కిందకి రాశారు.

ఉత్తరాలు ఎక్కీ దిగీ ఆడుకుంటుండగా మామ్మ ఇంట్లోంచి రెండు గోనెసంచులు తెచ్చింది. జూట్ మిల్లు ఊళ్లో వాటికేం కొదవ? ఏటి ఇసుక నింపి, నోళ్లు కుట్టి, బల్ల చివర పరిచి మనవణ్ణి ఎక్కించింది. మర్నాడు ఆక్రమణల కింద వాటిని తొలగించారు.